బీడు పెట్టిన ఎండ

గుట్టలూ బండలూ ఎక్కువ, వానలు తక్కువ అయిన ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. యుద్ధంలో వెన్ను చూపి ఎరుగడు, ప్రజల్ని పీడించి ఎరుగడు. ఒక్క డాంబికమే ఆయన జబ్బు. తాను తుమ్మినా పది ఊళ్ళకు వినిపించాలనుకునేవాడు.

ఆయన పక్కన ఎప్పుడూ సింగన్న అనే మనిషి ఉండేవాడు. రాజుగారి తాంబూలపు సంచిని అడపం అంటారు. దాన్ని మోయడం సింగన్న ఉద్యోగం. చూడటానికి చిన్న కొలువే. కానీ ఆకుకు సున్నం రాసి చుట్టి ఇచ్చే ఆ కాసేపట్లో సింగన్న అనే మాట, మంత్రులు పూటంతా చెప్పిన మాటకంటే లోతుగా దిగేది. ఎదిరించడు, పొగడడు, అబద్ధమాడడు. అవేవీ చేయకుండానే పని జరిపించేవాడు.

ఆ రాజధానికి మూడు రోజుల ప్రయాణం దూరంలో శిలాపురి ఉంది. కొండను తొలిచి చేసిన మంటపాలు, రాతి రథాలు, స్తంభం స్తంభానికీ నాట్యగత్తెల బొమ్మలు. వైశాఖమాసంలో అక్కడ ఉత్సవం. ఊరంతా రాయే కనుక ఆ నెలలో అట్లపెనంలా కాలుతుంది. అయినా పది రాజ్యాల జనం వెళ్ళేవారు. వెళ్ళేవాళ్ళకు వెళ్ళే పద్ధతి తెలుసు. వేగుచుక్కతో బయలుదేరేవారు. పొద్దెక్కేసరికి ఏదో ఒక తోపు చేరి, పలుచటి నూలుబట్ట తడిపి తలకు చుట్టుకొని, ఉప్పేసిన మజ్జిగ తాగి నడుం వాల్చేవారు. పొద్దు వాలాక మళ్ళీ నడక.

పొరుగురాజు కిందటేడు శిలాపురి చూసి వచ్చాడని విని రణకేసరి కూడా ప్రయాణం కట్టాడు. కొలువులో ఇలా ప్రకటించాడు.

"సంతకు పోయేవాళ్ళు చీకటితో పోతారు. నేను మిట్టమధ్యాహ్నం పోతాను. పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టి, మఖమలు పల్లకిలో పోతాను. వస్తున్నది రణకేసరి అని ఆ సూర్యుడు కూడా చూడాలి."

ముసలి మంత్రి లేచి, "ప్రభూ, వైశాఖపు ఎండ..." అనబోయాడు.

"మీరు నీడపట్టున ఇంట్లోనే ఉండండి," అన్నాడు రాజు. మంత్రికి ప్రయాణం తప్పింది. తక్కినవాళ్ళు మూటలు కట్టుకున్నారు.

మొదటి రోజు రెండో జాములో పల్లకి లేచింది. పల్లకి మోసే బోయీలు పదహారుమంది, అందరివీ ఉత్త కాళ్ళే. ముందు బాకాలు, వెనుక లేఖకుడు, వైద్యుడు, వంటవాళ్ళు, సామాన్లు మోసే గాడిదలు. రాజుగారికి పల్లకి లోపల ఉక్క, కానీ గొడుగూ వింజామరా ఉన్నాయి. బోయీలకు కింద బండ, పైన ఎండ. సాయంత్రానికి ఇద్దరు సొమ్మసిల్లి పడిపోయారు. రెండో రోజు మరో ముగ్గురు. రాజు తెర కూడా తొలగించకుండా, "వేరేవాళ్ళను పెట్టండి. ఆగవద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం ఒక చింతతోపు పక్కన మజిలీ చేశారు. బోయీల పెద్ద గంగులు సింగన్న దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, అరికాళ్ళు చూపించాడు. రెండూ బొబ్బలెక్కి చిట్లి ఉన్నాయి.

"నా సంగతి సరే, సింగన్నా," అన్నాడు గంగులు. "పడిపోయినవాళ్ళలో నా తమ్ముడున్నాడు. నీళ్ళు తాగిస్తే నిలవడం లేదు. రేపు కూడా ఇట్లాగే అయితే వాణ్ణి ఇక్కడే పూడ్చిపెట్టి పోవాల. రాజుగారికి ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే వినరు, గంగులన్నా."

"మరి ఎట్లా?"

"చెప్పకుండానే ఏదో ఒకటి చేసి చూస్తాను," అని సింగన్న అడపం తీసుకొని రాజు డేరాలోకి వెళ్ళాడు.

రాజు మంచి హుషారుగా ఉన్నాడు. "చూశావా సింగన్నా, ఇంత ఎండలో ఏ రాజైనా ప్రయాణం చేశాడా?"

"చేయలేదు ప్రభూ," అన్నాడు సింగన్న ఆకు చుడుతూ. "అందుకే నాకు కొంచెం కష్టంగా ఉంది."

"నీకేమి కష్టం?"

"ఇంత గొప్ప ఎండలో మీతోపాటు బోయీలు నడిచారు, బాకాలవాళ్ళు నడిచారు. ఆ గాడిదల కాపరి కూడా నడిచాడు. రేపు వాడు ఊరికి పోయి, 'నేనూ రాజుగారూ ఒకే ఎండలో నడిచాం' అని చెప్పుకుంటాడు. అది అబద్ధమని అనడానికీ లేదు."

రాజు తాంబూలం నమలడం ఆపాడు. ఈ సంగతి ఆయనకు తట్టనే లేదు. కాసేపు డేరాలో అటూ ఇటూ తిరిగి లేఖకుణ్ణి పిలిపించాడు.

"రాసుకో. ఈ ప్రయాణంలో రెండో జాము మొదలు మూడో జాము ముగిసేదాకా కాసే ఎండ రాజుగారి సొత్తు. ఆ వేళ మరొకరు అందులో కాలు పెడితే రాజద్రోహం."

రాజముద్ర పడింది. మజిలీ అంతా చాటింపు వేశారు. సింగన్న డేరా బయటికి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. వేసిన ఎత్తు పారితే పదిమంది బతుకుతారు, పారకపోతే తన తల పోతుంది. ఆ రెండూ అతనికి తెలుసు.

మర్నాడు రెండో జాము దాటి పొద్దు నడినెత్తికి వస్తుండగా రణకేసరి పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టుకొని వచ్చి, బయలులో దించి ఉన్న పల్లకిలో కూర్చున్నాడు. పల్లకి లేవలేదు. గొడుగు రాలేదు, వింజామర రాలేదు. బాకా కూడా మోగలేదు.

"బోయీలెక్కడ?" అని కేకవేశాడు.

"ఇక్కడే ఉన్నారు ప్రభూ," అని చింతల నీడలోనుంచి సింగన్న చేతులు జోడించాడు.

"రారేం?"

"వస్తే రాజద్రోహమవుతుంది ప్రభూ."

రాజు మొహం ఎర్రబడింది. "నేను అనుమతి ఇస్తున్నాను, రమ్మను."

"తమ దయ. కానీ ముద్ర పడి ఒక పగలైనా కాలేదు. రణకేసరి ఆజ్ఞ తెల్లవారేసరికే మారిందని పొరుగురాజు చెవిన పడితే? ఆ ఆజ్ఞ రద్దని మీరు ఒక్క మాట అంటే ఇప్పుడే వస్తాం. రమ్మంటారా, వద్దంటారా, అది ప్రభువుల చిత్తం."

బోయీలు తలలు వంచుకొని కూర్చున్నారు. రాజు పల్లకి దిగి, "ఎవరూ అక్కరలేదు. నేను నడవగలను," అని ఒక్కడే దారి పట్టాడు.

ఇది మాత్రం సింగన్న అనుకోలేదు. కాసేపు కూర్చుని రాజే నీడకు వస్తాడని అతని లెక్క. జరీ చెప్పులు బండమీద టకటకమంటూ దూరమయ్యాయి. యాభై అడుగులకు రాజు కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. బంగారం కాలి నుదురు కందిపోయింది. వంద అడుగులకు చెప్పుల అట్ట వేడెక్కి, ఆయన నడక కోడినడకయింది. ఆయన పడిపోతే పరుగెత్తి వెళ్ళి ఎత్తుకోవాలనీ, తరవాత తల పోతే పోనీ అనీ అనుకొని సింగన్న నీడ అంచున నిలబడ్డాడు.

రణకేసరి ఆగాడు. ముందు దారి చూశాడు, కాళ్ళు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి మెల్లగా నడిచి వచ్చాడు. అయినా నీడలోకి రాలేదు. అడుగు దూరంలో, ఎండలోనే నిలబడి, ఇంకెవరికీ వినపడనంత చిన్నగా అడిగాడు.

"సింగన్నా, ఇప్పుడు నేనేం చేయాలి?"

సింగన్న కూడా గొంతు తగ్గించాడు. "ప్రభూ, ఈ ఎండ మీ సొత్తు. ఎవరూ కాదనలేరు. కానీ రైతు తన పొలాన్ని ఏటా దున్నుతాడా? ఒక్కో ఏడు బీడు పెడతాడు. దున్నలేదని ఆ పొలం పరాయిదైపోదు."

రాజు అతనివంక తేరి చూశాడు. ముందు మీసాలు కదిలాయి, తరవాత భుజాలు. ఆపైన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"రాసుకో," అన్నాడు లేఖకుడితో. "మహారాజు ఈ వైశాఖమంతా తన ఎండను బీడు పెట్టారు."

అని నీడలోకి వచ్చి, గంగులు పక్కనే కింద కూలబడ్డాడు. గంగులు కంగారుగా లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. మట్టి ముంతతో మజ్జిగ ఇస్తే గటగటా తాగాడు. అప్పుడు ఆకుపసరు పూసి కట్టిన గంగులు కాళ్ళు ఆయన కంటబడ్డాయి.

"నిన్న కూడా బండ ఇలాగే కాలిందా?"

"మొన్న కూడా, ప్రభూ," అన్నాడు గంగులు.

రాజు తన వైద్యుణ్ణి పిలిచి, పడిపోయిన ఐదుగురి దగ్గరికి పంపాడు. సాయంత్రానికి గంగులు తమ్ముడు గంజి తాగి నిలుపుకున్నాడు.

రాజు సింగన్నవైపు తిరిగి, "నిన్న ఆకు చుడుతూ ఇదంతా అనుకున్నావా?" అని అడిగాడు.

"కొంత అనుకున్నాను ప్రభూ. మీరు నడుస్తారని మాత్రం అనుకోలేదు. నా తెలివి అంతదాకా పోలేదు."

అక్కడినుంచి ప్రయాణం మారింది. పొద్దు వాలాక నడక, వేగుచుక్కతో నడక. రాజు ముతక నూలు పంచె కట్టి, తడిగుడ్డ తలకు చుట్టుకొని, చల్లటి వేళల్లో తానే కొంత దూరం నడిచాడు. కాళ్ళు కాలినవాళ్ళను గాడిదల మీద ఎక్కించారు. నాలుగో నాటి ఉదయం తొలి కిరణాలతో శిలాపురి చేరారు. ఏటవాలు ఎండలో స్తంభాలమీది నాట్యగత్తెలు కాలి మువ్వలతో సహా లేచి నిలబడినట్టున్నారు. రాజు ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగిపోయాడు. అక్కడి పూజారి అన్నాడు, "మంచి వేళకు వచ్చారు ప్రభూ. మధ్యాహ్నం ఎండ నిటారుగా పడితే ఈ బొమ్మలు సగం కనబడవు."

రాజు సింగన్నను చూసి మళ్ళీ నవ్వాడు. పొరుగురాజు ఆ ఏడు కూడా ఉత్సవానికి వచ్చి ఉన్నాడు. ఆ సాయంత్రం విందులో రణకేసరి తన కథను తానే, ఒక్క అడుగు కూడా తగ్గించకుండా, కోడినడకతో సహా ఆయనకు చెప్పాడు. మెడలోని ముత్యాలహారం తీసి అందరిముందూ సింగన్న మెడలో వేసి, "ఇంకేమైనా కోరుకో," అన్నాడు.

"బోయీలకు చెప్పులు కుట్టించండి ప్రభూ."

"అది నేనెప్పుడో చేయవలసిన పని. నీకేం కావాలో అడుగు."

"అయితే ఈ దారి నాకు అప్పగించండి."

రాజు ఒప్పుకున్నాడు. పది పదిహేనేళ్ళలో ఆ దారి పొడవునా ఆమడకొక బావి, చింతతోపు, చలివేంద్రం లేచాయి. వాటిని రాజుగారి ఖర్చుతో, రాజుగారి పేరుతోనే కట్టారు. శిలాఫలకాల మీద రణకేసరి బిరుదులన్నీ చెక్కారు కూడా. కానీ బాటసారులు ఆ నీడలో కాళ్ళు చాపుకొని, "సింగన్న చల్లగా ఉండాలి," అనేవారు. ఆ మాట రాజు చెవిన పడకపోలేదు. విన్న ప్రతిసారీ ఆయన ఆకు కోసం చెయ్యి చాచి, సింగన్నవంక చూసి నవ్వేవాడు.