నూరు ముడుల మడుగు

ఒక రాజుకి తన ఊరి మడుగంటే ప్రాణం. దాని విలువ జనానికి తెలియాలని ఏటా బహిరంగంగా ఒక పోటీ పెట్టేవాడు. మడుగు గురించి ప్రశ్నలు అడుగుతారు. గెలిచినవాళ్ళకి కాపలాకర్ర ఇస్తారు. ఆ కర్ర చేతిలో ఉన్నంతకాలం మడుగు విషయంలో వాళ్ళ మాటే శాసనం.

"తెలిసినవాళ్ళ చేతిలో ఉంటేనే నీళ్ళు నిలుస్తాయి" అనేవాడు రాజు. మంచి మాటే, ఎవరు కాదన్నారు?

పోటీకి జనం విరగబడ్డారు. కూర్చోడానికి చోటు చాలక మడుగు అంచున కాస్త మట్టి పోయించారు. మరుసటి ఏడు ఇంకాస్త. మంచిపనికి మట్టి పోస్తుంటే అడ్డం వచ్చేదెవరండీ?

మడుగులో తుంగ కోసి చాపలు అల్లుకునే ఒకామె మాత్రం దిమ్మరించిన ప్రతి బండినీ లెక్కపెట్టుకునేది. తుంగ కోసేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. కోతకి ముందు ముడుల తాడుతో నీళ్ళ వెడల్పు కొలుస్తారు. దాన్నిబట్టి పిట్టల గూళ్ళకి కొంత వదిలి, మిగతాది కోస్తారు. తాడు మోస్తూ దొంగ కొలత చెబితే ఇక జన్మలో తుంగ ముట్టకూడదని వాళ్ళ ఆన.

ఈసారి పోటీ రోజు పొద్దున్నే కొలిచింది. నూరు ముడుల తాడులో నలభై ఒకటే తడిశాయి. తక్కిందంతా కొత్త మట్టి మీద పడి ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. కర్ర గెలిస్తే తప్ప మట్టిబళ్ళు ఆగవు. తాడు అలాగే భుజాన వేసుకుని గబగబా పోటీకి వెళ్ళింది.

ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో అన్నీ టకటకా చెప్పింది. ఎదుట కూర్చున్న పండితుడూ చెప్పాడు. ఆయన మడుగు మొహం చూసి ఎరగడు గానీ, దాని మీద రాసిన తాటాకులన్నీ కంఠతా పట్టాడు. ఇద్దరూ సమానంగా నిలిచారు. వేదిక వెనక బళ్ళు దభేలుమని మట్టి దిమ్మరిస్తూనే ఉన్నాయి. చప్పుడైనప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసేది.

ఆఖరి ప్రశ్న రాజే అడిగాడు. "మడుగు వెడల్పు ఎన్ని ముడులు?"

తాటాకులో నూరని ఉంది. రాజుగారి తాత కొలిపించిన లెక్క. ఊరంతటికీ తెలుసు.

వెనకనుంచి ఆమె తోడికోడలు గుసగుసలాడింది. "నూరను అక్కా, నీకు దణ్ణం పెడతా! కర్ర చేతికొచ్చాక బళ్ళు ఆపించుకుందువు గాని."

నూరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. భుజం మీద తాడు ఇంకా చెమ్మగానే ఉంది.

"నలభై ఒకటి" అంది.

జనం గొల్లున నవ్వారు. "పొద్దస్తమానం ఆ నీళ్ళలోనే పడుంటుంది, ఆమాత్రం తెలీదూ!"

పండితుడు "నూరు" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. రాజు కర్ర ఆయన చేతికిచ్చాడు.

పండితుడు చెడ్డవాడేం కాదు. వేదిక దిగి నాలుగు పక్కలా చూసి ఆమెనే అడిగాడు. "తల్లీ, మడుగు ఎటువైపు?"

"ఆ బళ్ళ వెనక, పంతులుగారూ. తొందరగా రండి, మీకు పుణ్యముంటుంది."

"ఇదిగో వస్తున్నా. ముందు ఊరేగింపు ఉందిట" అన్నాడాయన. ఊరేగింపు అయ్యాక సన్మానం, సన్మానం అయ్యాక ఇంకో ఊళ్ళో సన్మానం. ఆమె రోజూ ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి వచ్చేది.

మరుసటి ఏడు జనం రెట్టింపయ్యారు. తోపులాట లేకుండా అడ్డంగా కట్టడానికి తాడు కావాలన్నారు. ఆమె తాడే తీసుకుపోయి పోసిన మట్టి మీద ఈ చివరనుంచి ఆ చివరకి కట్టారు. నూరు ముడులూ సరిగ్గా సరిపోయాయి.

రాజు లేచి మొదటి ప్రశ్న అడిగాడు. "మడుగు ఎక్కడుండేది?"

జనమంతా ఒక్కసారిగా తమ కాళ్ళకిందికి వేలు చూపించారు.

రాజుకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. తన ఊళ్ళో తెలియనివాళ్ళంటూ ఇక ఒక్కరూ లేరు.