బీటవారని గొట్టం

మాణిక్యాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు. చేతికి ఏదో పని అప్పజెప్పి పక్కన కూర్చునేవారు. టైటానియంలో ఏ లోహం ఎంత కలిపితే, ఎంత వేడిలో, లోపల ఏ రూపం నిలుస్తుందో చూపే పటాలు గీయడంలో ఆమె పెట్టింది పేరు. పద్దెనిమిదేళ్ల కిందట ఆమె గీసిన పటాన్ని ఇప్పటికీ పలుచోట్ల పాఠంగా చెబుతున్నారు.

ఆమె శిష్యుడు భానోజీరావు, సిద్ధాంతగ్రంథం సమర్పించడానికి నాలుగు రోజుల ముందు గదిలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"మేడమ్, పెద్దలు గీసిన గీతకీ మన నమూనా ముక్కకీ పొసక్కపోతే ఏది నమ్మాలండీ?"

ఎరగకపోవడమేమిటి, అంతా చేసి వచ్చాడు. వేడి మీదున్న టైటానియానికి గాలి తగిలితే చాలు, అందులోని ఆక్సిజన్‌ను తాగేసి రూపం మార్చేసుకుంటుంది. అందుకని ముక్కను క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, గాలి లాగేసి, మూతి కరిగించి మూసి, వారాల తరబడి కొలిమిలో ఉంచుతారు. గడువు తీరగానే బయటికి లాగి నీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే గొట్టాన్ని పగలగొడతారు. కొలిమిలో ఉన్న రూపం చల్లారేలోగా జారిపోకుండా పట్టుకోవాలి మరి. ఏడొందల డిగ్రీల దగ్గర భానోజీ ముక్క ఒకటి మేడమ్ పటంలోని గీతకు ఎదురు తిరిగింది. ఒకే రూపం ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. మూడుసార్లు నునుపు చేసి చూసినా ఆ రెండే. గురువుగారి గీత తప్పని రాసేంత గుండె అతనికి లేదు. "కొలిమిలోనే గొట్టం బీటవారింది, నమూనా చెడింది" అని నోట్‌బుక్కులో రాసి, ఆ ముక్కను పక్కన పడేశాడు. ఎలాగూ పగలగొట్టేసిన గొట్టం. అంతకుముందే బీటవారిందో లేదో ఎవరు చెప్పొచ్చారు?

మాణిక్యాంబ గారు అతని చేతిలోని నోట్‌బుక్కు అందుకుని తిరగేశారు. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగారు.

"ఆ ముక్క తీసుకురా," అన్నారు.

గాలి తాగిన టైటానియం ముందు అంచుల్లో గట్టిపడుతుంది. గొట్టం నిజంగా బీటవారి ఉంటే, వజ్రపు మొనతో అదిమినప్పుడు అంచున చిన్న గుంట, నడుమ పెద్ద గుంట పడాలి. ఆమె ముక్కను అడ్డంగా కోయించి, నునుపు చేయించి, యంత్రం ముందు అతన్నే కూర్చోబెట్టారు.

"అంచున ఒకటి, నడుమ ఒకటి అదుము. కొలిచి పైకి చదువు."

భానోజీ అదిమాడు. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాడు. ఒకసారి కొలిచి, మళ్లీ మొదటి నుంచీ కొలిచాడు.

"చదవవేం?"

"అంచున నలభై ఒక్క మైక్రాన్లండీ. నడుమ... నడుమ కూడా నలభై ఒకటేనండీ."

అతనికి తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్లు తనను నమ్మి కొలిమి తాళాలు చేతికిచ్చిన మనిషి ఎదుట, తన అబద్ధాన్ని తనే కొలిచి తన నోటితోనే చదివాడు. ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

"క్షమించండి మేడమ్. మీ పటం తప్పని నేనెలా రాసేదండీ? నలుగురూ ఏమనుకుంటారు మిమ్మల్ని?"

మాణిక్యాంబ గారు కళ్లజోడు తీసి, తుడవకుండానే ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏడొందల దగ్గర నాకు నమూనాయే లేదు భానోజీ. రోజులు చాల్లేదు. అంతకు పై వేడిలో చూసినదాన్నీ కింది వేడిలో చూసినదాన్నీ గీతతో కలిపేశాను. చూడని చోట చుక్కల గీత వెయ్యాలని మీ అందరికీ మొదటి రోజే చెబుతాను కదా. అక్కడ నేను నిండు గీత వేశాను." ఆమె గొంతు అంత చిన్నబోవడం అతనెన్నడూ వినలేదు. "ఎవరైనా అడక్కపోతారా అని పద్దెనిమిదేళ్లు చూశాను. అడగాల్సినవాడివి, నా పరువు కోసం దొంగరాత రాశావు."

భానోజీ తల ఎత్తలేకపోయాడు. తన సిగ్గు ఒక ఎత్తు. ఆమె చేత ఈ మాట అనిపించినందుకు పడ్డ సిగ్గు మరో ఎత్తు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"ఆ వాక్యం కొట్టెయ్. చెరపకు. కింద ఏం రాశావో కనబడేలా ఒక్క గీత గీసి కొట్టెయ్." ఆమె కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాచారు. "తరవాత ఆ పెన్ను ఇలా ఇవ్వు. నా పటంలోనూ కొట్టెయ్యాల్సిన గీత ఒకటుంది."