ఎదురుకాళ్ళ పోలయ్య

అనగనగా, రాజులు పల్లకీల్లోనూ బరువులు మనుషుల నెత్తినా తిరిగే కాలంలో, రత్నగిరి పేటలో పోలయ్య అనే బస్తాల కూలీ ఉండేవాడు. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుపెట్టి పుట్టాడట. ఇంకేం! అలాంటివాడు మూడుసార్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని ఊరంతా నమ్మకం. పట్టేసిన ప్రతి నడుమూ పోలయ్య అరుగు మీద బోర్లా పడేది. తొక్కేవాడు, కొబ్బరికాయ పుచ్చుకునేవాడు, మీసం దువ్వేవాడు.

ఒకనాడు వంగి ధాన్యం బస్తా ఎత్తబోతే వాడి వెన్నులోనే కలుక్కుమంది. మంట పిరుదు నుంచి మడమదాకా పాకింది. అబ్బో, ప్రాణం పోయినంత పనైంది! ఎవరూ చూడకుండా వైద్యుడు సోమనాథుడి దగ్గరికి పోయాడు.

"నెత్తిన బరువు కింద చుట్టకుదురు పెట్టుకుంటావు కదా పోలయ్యా! వెన్నుపూసల మధ్య కూడా అలాంటి మెత్తని కుదుళ్ళుంటాయి. ఒకటి పక్కకు జారి కాలి నరాన్ని నొక్కుతోంది. బరువులెత్తకు, నడుం వంచకు. అలాగని మంచానికి అతుక్కుపోకు, మెల్లగా నడువు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాలు పట్టు తప్పితే మాత్రం పరుగున రా. ఎవరిచేతా తొక్కించుకోకు!" అన్నాడు వైద్యుడు.

పోలయ్య ముఖం మాడిపోయింది. తొక్కే పోలయ్యే మందు కోసం తిరుగుతున్నాడంటే తన పరువేం కాను? పరువట, పరువు!

వాడి కూతురు నూకాలు కూడా ఎదురుకాళ్ళతోనే పుట్టింది. దాన్ని పిలిచి, తొక్కుడుతోనే నయమవుతుందని చూపడానికి నలుగురూ చూస్తుండగా అరుగు మీద బోర్లా పడుకున్నాడు.

"వద్దయ్యా, నాకు భయమేస్తోంది."

"తొక్కవే!"

మొదటి తొక్కుకు కేక గొంతులోనే మింగాడు. రెండో తొక్కుకు కాలు తిమ్మిరెక్కింది. "ఇంకొక్కటి," అన్నాడు పళ్ళు బిగించి. మూడో తొక్కుకు పాదం వేలాడిపోయింది. ఎంత ఎత్తుదామన్నా లేవలేదు.

వైద్యుడు చేయగలిగిందంతా చేశాడు. నొప్పి తగ్గింది గానీ పాదానికి పట్టు తిరిగి రాలేదు. ఇక బస్తా మోసే యోగం లేదు.

వాడు మొట్టమొదట తొక్కిన సుబ్బులు చూడవచ్చి ఏడ్చింది.

"మావా, నీ తొక్కుడికి నా నొప్పి రెట్టింపయింది. తర్వాత వైద్యుడి మాట విని బాగుపడ్డాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని, నీ తొక్కుడికే తగ్గిందని చెప్పి కొబ్బరికాయ తెచ్చిచ్చాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పి చావకూడదటే!" అని పోలయ్య భోరుమన్నాడు. పక్కనే నూకాలు తన పాదాలకేసి చూసుకుంటూ కూర్చుంది.

కాబట్టి పిల్లలూ, పరువు కోసం నొప్పిని దాచినవాళ్ళూ, మొహమాటానికి నిజం దాచినవాళ్ళూ కలిసే మనిషి నడుం విరుస్తారు.