తాయారు కిటికీ పక్కన పురుగు

అనగనగా, కిటికీలోంచి చెయ్యి చాపితే కరివేపచెట్టు అందే ఇల్లు ఒకటుంది, బంగారూ. ఆ ఇంట్లో తాయారు అనే పిల్లకి ఆటలమ్మ పోసింది. ఆటలమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పోపు వెయ్యరు కదా. అందుకని ఎవరూ కరివేపాకు కొయ్యలేదు.

మంచం మీద పిల్లకి కిటికీలోంచి చూడ్డమే పని. అప్పుడు ఆకు మీద ఏదో కదిలింది.

“అమ్మా, పిట్టరెట్ట నడుస్తోందే!”

“నీ మొహం! పురుగది. సీతాకోకచిలుక అవుతుంది,” అంది వాళ్ళమ్మ.

నల్లటి రెక్కలట, వాటి నిండా పసుపు చుక్కలట, వెనక ఎర్రటి బొట్టట. నిమ్మ, మారేడు, కరివేప ఎక్కడుంటే అక్కడికొచ్చి గుడ్లు పెడుతుందట.

“నా చుక్కలు పోయేలోగా దానికి చుక్కలొస్తాయా? అది ఎగరడం నేను చూడాలి,” అంది తాయారు. ఆ రోజు నుంచి వేళ్ళమీద లెక్క మొదలెట్టింది.

ఐదో రోజుకి పురుగు పచ్చగా మారింది. ముట్టుకుంటే ఎర్రటి కొమ్ములు బయటపెట్టి కంపు కొట్టేది. తొమ్మిదో రోజుకి తిండి మానేసి, నడుముకి ఒక్క దారం కట్టుకుని, కొమ్మకి గూడై వేలాడింది. పద్దెనిమిదో రోజుకి గూడు నల్లబడింది. లోపల పసుపు చుక్కలు కనపడుతున్నాయి.

“రేపే!” అనుకుంది తాయారు.

ఆ రోజే తాయారుకి మూడో స్నానం. ఆటలమ్మ దిగిపోయింది.

“ఏం చెయ్యనే తల్లీ?” అంది అమ్మ.

ఇన్నాళ్ళూ చప్పిడి మెతుకులు. తాయారు నోరూరింది. “చారు! పోపు ఘుమఘుమలాడాలి. కరివేపాకు బోలెడు వెయ్యి!”

పిల్ల నోరు తెరిచి అడిగిందన్న సంబరంలో అమ్మ పెరట్లోకి పరుగెత్తింది. తాయారు మాత్రం వంటింటి గుమ్మంలోనే కూర్చుంది, వాసన కోసం.

రెండుసార్లు పోయించుకుని తింది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని కిటికీ దగ్గరికెళ్ళింది. కొమ్మ లేదు.

“అమ్మా, కొమ్మేదీ?”

“ఆకులు దూసి పుల్ల పొయ్యిలో పడేశానే. ఏదో ఎండుటాకు అంటుకునుంటే దాన్ని కూడా...” అమ్మ గభాలున పొయ్యి వైపు చూసింది.

తాయారు ఏడవలేదు. ఖాళీ కిటికీ వైపు చూస్తూ మెల్లగా అంది:

“ఇంకొక్క రోజు చప్పిడి తినుంటే సరిపోయేది కదమ్మా.”

రెక్క విప్పని సీతాకోక
ఎగిరి రాదు, రాదు ఇక.
కథేమో కంచి దారి పట్టింది,
మనకేమో కునుకు ముంచుకొచ్చింది.