కంగారూ పిల్ల కోసం పెరుగు మోసిన రాజు

కెజియా, ఆ తలుపు దగ్గర నుంచి ఇటు రావే. పొద్దున గీసిన గీత దగ్గరే మళ్ళీ ఇప్పుడు నిలబడితే ఎంత పెరిగి ఉంటావు? క్రిస్మస్ నాటకంలో పొట్టివాళ్ళకి దూత వేషం ఇవ్వరట, గొర్రెపిల్ల వేషం ఇచ్చారట, దానికింత ఏడుపా? నతానూ, అక్కని చూసి ఆ కిసకిసలు ఆపు. ఇద్దరూ దుప్పటి కప్పుకోండి. కథ చెబుతా. మీ ఊ ఆగితే నా కథ ఆగుతుంది, ముందే చెబుతున్నా.

అనగనగా, మూత పెట్టిన గిన్నె ఒక్కటైనా లేని ఊళ్ళో ఒక రాజు. మూత కనిపిస్తే తియ్యకుండా ఆయన చెయ్యి ఆగదు. అన్నం ఉడుకుతుంటే మూత తీస్తాడు, అన్నం పలుకు. ఆవకాయ కలిపిన గంటకే తడి చేత్తో జాడీ తెరుస్తాడు, ఆవకాయ బూజు. వేరుశనగ కాయ ఊరిందో లేదో అని మొక్క పీకి చూస్తాడు, మళ్ళీ పాతేస్తాడు. వెయ్యి మొక్కలు పీకితే వెయ్యీ ఎండిపోయాయి. పాలు తోడు పెడితే తెల్లారేలోగా పదిసార్లు వేలు పెడతాడు. నలభై ఏళ్ళొచ్చినా గడ్డ పెరుగు అంటే ఏమిటో ఎరగడు. ఎలాగూ రాజు తీసేస్తాడు కదా అని ఆ ఊరి కుమ్మరులు మూతలు చెయ్యడమే మానేశారు. ఊ కొడుతున్నారా?

ఒకనాడు ఓడ మీద ఆస్ట్రేలియా దేశం నుంచి ఆ రాజుకి కానుకగా ఒక జంతువు వచ్చింది. గాడిద చెవులు, ఎలుక మొహం, పహిల్వాను తొడలు, పొట్ట మీద తోలుసంచి, కూర్చోడానికి పీటలాంటి తోక. గుర్రానికేదో జబ్బు చేసిందన్నాడు మంత్రి. సేనాపతి స్వారీ చేస్తానని ఎక్కి, మూడో గెంతుకి వంటశాల కప్పు మీద తేలాడు. దింపడానికి రెండు నిచ్చెనలు పట్టాయి. దీన్ని కంగారూ అంటారని ఓడవాడు చెప్పాడు. నిజానికి కంగారు దానికి కాదు, రాజుకి.

దాన్ని మావటి కోడలు దీవెనమ్మకి అప్పగించారు. "సంచి వేసుకు తిరిగేదానికి చాకిరీ చెయ్యడానికి నువ్వే దొరికావుటే" అని సణిగింది అత్తగారు.

"మీకు చేస్తున్నదాన్ని, దీనికి చెయ్యలేనా అత్తయ్యా" అంది దీవెనమ్మ.

ఒక పొద్దున కంగారూ ఈనింది. పిల్ల ఎంతుందనుకున్నారు? చిక్కుడు గింజంత. కళ్ళు తెరుచుకోలేదు, ఒంటి మీద బొచ్చు లేదు, ఏడు గురివింద గింజల బరువు. ఎవరూ ఎత్తలేదు. తల్లి బొచ్చు పట్టుకుని తనంతట తానే పైకి పాకి, సంచిలో దూరి, చనుమొన నోట పట్టుకుంది. ఇక ఆ మొన పిల్ల నోట్లో ఉబ్బి బిగుసుకుపోతుందట. లాగేస్తే మళ్ళీ పట్టుకోలేదు, పాలందక చచ్చిపోతుంది. ఓడవాడు ఈ సంగతి దీవెనమ్మకి మరీ మరీ చెప్పి వెళ్ళాడు. "యేసయ్యా, ఇంత చిన్నదానికి కూడా ఇల్లు కట్టి పెట్టావా" అని ఆమె చేతులు జోడించింది.

రాజు ఊరుకుంటాడా? ఇరవై ఒకటో రోజున పిల్లని ఉయ్యాల్లో వెయ్యాలన్నాడు. గజం పొడుగు వెండి ఉయ్యాల చేయించాడు. గింజంత పిల్లకి గజం ఉయ్యాల. వెయ్యిమంది వచ్చి కూర్చున్నారు, మనిషికి రెండేసి చొప్పున రెండు వేల సున్నుండలు తిన్నారు. పిల్లేదీ, సంచి విప్పండి అని రాజు చెయ్యి చాపాడు.

దీవెనమ్మ అడ్డం నిలబడింది. ఆ రాజ్యంలో రాజుకి అడ్డం నిలబడితే కొరడా దెబ్బలు. అత్తగారు వెనకనుంచి కొంగు లాగుతోంది. అయినా కదల్లేదు.

"ఒక్క రాత్రి ఆగండి ప్రభూ. ఆ ఒక్క రాత్రీ మీరు కంగారూలా ఉండాలి."

"గెంతాలా?" అన్నాడు రాజు.

అక్కర్లేదు, సంచి చాలంది. గుడ్డసంచి కుట్టి రాజుగారి పొట్టకి కట్టింది. అందులో కుండ, కుండలో గోరువెచ్చని పాలు, చెంచాడు తోడు. మూత లేదు కదా, మూకుడు బోర్లించింది. తెల్లారేదాకా మూత తియ్యకుండా, కుదపకుండా మోస్తే, ఆ తర్వాత కంగారూ సంచి మీ ఇష్టం అంది.

జాము గడిచింది. తోడుకుందేమో చూడనా అన్నాడు రాజు. దీవెనమ్మ రాగం తీసింది: మూత తీస్తే గాలొస్తుంది, గాలొస్తే చలేస్తుంది, చలేస్తే తోడుకోదు, తోడుకోకపోతే పెరుగు లేదు, పెరుగు లేకపోతే ముద్ద దిగదు. రాజు చెయ్యి నలభై సార్లు మూకుడు మీదికి వెళ్ళింది, నలభై సార్లు వెనక్కొచ్చింది. చివరికి రెండు చేతులూ మంత్రి తలపాగాలో దూర్చేసుకున్నాడు. మంత్రి తల అందులోనే ఉంది పాపం.

తెల్లారింది. మూకుడు తీశారు. కుండ బోర్లించినా పెరుగు కిందపడలేదు. రాజు ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు విప్పమంటారా ప్రభూ?" అంది దీవెనమ్మ.

రాజు కుండ వంక చూశాడు, కంగారూ సంచి వంక చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "దానికి ఎప్పుడు తెల్లారుతుందమ్మా?" అన్నాడు.

"దాన్ని చేసినవాడికి తెలుసు ప్రభూ."

అప్పట్నుంచి రోజూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చూసి పోయేవాడు. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు... వింటున్నారా? ఆరో నెల దాటాక సంచిలోంచి ఒక తల వచ్చింది, రాజు మొహం చూసి మళ్ళీ లోపలికి పోయింది. ఎనిమిదో నెలలో పిల్ల దిగి గెంతింది. తూచి చూస్తే ఏడు గురివింద గింజలు కాస్తా ముప్ఫై అయిదు వేలయ్యాయి. గజం ఉయ్యాల చాలక తోక బయట వేలాడింది. కుమ్మరులకి చేతినిండా మూతల పని దొరికింది. దీవెనమ్మ మా కోడలేనని అత్తగారు ఊరంతా చాటింది.

చూశావా కెజియా, దేవుడు మూత పెట్టి పని చేస్తాడు. మనం ఆయన సంచిలో ఉన్నవాళ్ళం, గట్టిగా పట్టుకుని ఉండడమే మన పని. రోజుకి ఆరుసార్లు తలుపు దగ్గర నిలబడితే ఆయన మూత తీసి చూసినట్టే.

ఏమిటీ? క్రిస్మస్‌లోపు పెరగకపోతేనా? గొర్రెపిల్లగానే వెళ్ళవే. దూత ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. పాకలో యేసయ్య పక్కనే ఒదిగి పడుకునేది గొర్రెపిల్ల.

నవ్వావా, హమ్మయ్య. నతాను ఊ ఎప్పుడో ఆగిపోయింది. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి సంచిలో దూరదాం.