చక్రం వెనక వైపు

ధనుంజయ్‌కి ఉన్న జబ్బల్లా ఒక్కటే. తన కళ్ళంటే తనకి మహా నమ్మకం.

అనకాపల్లి దాటాక హైవే పక్కన ఒక యార్డులో కొత్త బండ్లు దిగుతాయి. కొన్నవాళ్ళకి అప్పగించే ముందు ఒక్కొక్కదాన్నీ తనిఖీ చెయ్యాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాడు మస్తాన్ వలీ. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ధనుంజయ్ ఆయన దగ్గర చేరి ఆరు నెలలైంది. పెయింటు మీద వెంట్రుకంత గీత పడినా పది అడుగుల దూరం నుంచే పట్టేసేవాడు. దాంతో కాస్త గర్వం నెత్తికెక్కింది కూడా.

ఉస్తాద్ పద్ధతి వేరు. ప్రతి చక్రం దగ్గరా నేల మీద చతికిలబడి, చెయ్యి చక్రం వెనక్కి పోనిచ్చి, కళ్ళు మూసుకుని తడిమేవాడు. సాయంత్రానికి బట్టల నిండా మట్టే. కళ్ళున్నవాడికి ఈ తడుములాట ఎందుకో అని ధనుంజయ్ లోలోపల నవ్వుకునేవాడు.

ఒక సోమవారం మన్యంలోని ఓ మిషన్ ఆసుపత్రికి వెళ్ళాల్సిన అంబులెన్సు తనిఖీకి వచ్చింది. ఎడమవైపు వెనక టైరు పక్కగోడ మీద, తాడు పెట్టి నొక్కినట్టు వేలెడు పొడుగున గుంట కనిపించింది. ధనుంజయ్ క్షణం ఆలోచించకుండా దానికి ఎర్ర స్టిక్కరు అంటించాడు.

"ఉస్తాద్, ఈ టైరు పనికిరాదు. మార్చేస్తున్నా."

ఉస్తాద్ ఇంకో బండి కింద ఉన్నాడు. "చెయ్యి పెట్టి చూశావా?" అని అక్కణ్ణుంచే అడిగాడు.

"కంటికి కనిపిస్తూంటే చెయ్యెందుకండీ?"

ధనుంజయ్ ఆ చక్రం ఊడదీసి గోడకి ఆనించాడు. బండి కింద వేలాడుతున్న స్టెప్నీ దించి దాని స్థానంలో బిగించాడు. అది నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, తన పనికి తనే మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నర్సు ఎలీశమ్మ డ్రైవరుని వెంటబెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తెల్లటి రేకు మీద చెయ్యి వేసి నిమిరింది.

"మా కొండ మీద ఒక పిల్లకి నెలలు నిండాయి బాబూ. కవలలు. ఇవాళ ఎలాగైనా కిందికి దించాలి. పోయిన నెల ఇంకో పిల్లని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయింది" అంది.

యార్డు ఆనవాయితీ ప్రకారం ధనుంజయ్ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చాడు. "అవి వద్దులే నాయనా, నేను ప్రార్థన చేసుకుంటా" అని ఆవిడ తల వంచింది. ఆ కాసేపట్లో ఉస్తాద్ అలవాటు ప్రకారం ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని లేస్తూ వచ్చాడు. ఎడమవైపు వెనక చక్రం దగ్గర కూర్చున్నవాడు మరి లేవలేదు.

"అబ్బాయ్, తాళం ఇవ్వకు. ఈ చక్రం ఊడదియ్యి."

"అది నేను నిన్న మార్చిందేనండీ. దానికి ఏ గుంటా లేదు."

"ఊడదియ్యి."

ధనుంజయ్ జాకీ పెట్టి ఊడదీశాడు. ఉస్తాద్ దాన్ని దొర్లించుకెళ్ళి, నిన్న ఎర్ర స్టిక్కరు పడిన చక్రం పక్కనే నిలబెట్టి, ఎలీశమ్మని పిలిచాడు.

"అమ్మా, మీరు రోజూ కడుపులు తడిమి చూసే మనిషి. కళ్ళు మూసుకుని ఈ రెండూ ఒకసారి తడిమి చెప్పండి."

"నాకు మనుషుల సంగతే గానీ టైర్ల సంగతేం తెలుసు సాయిబు గారూ?"

"అది చాలమ్మా."

ఆవిడ నవ్వుతూనే కళ్ళు మూసుకుంది. స్టిక్కరు ఉన్న టైరు మీద వేళ్ళు గుంట వెంట మెల్లగా నడిచాయి. "ఇక్కడ పల్లంగా ఉంది. అయినా గట్టిగా ఉంది. ఆపరేషను కుట్లు మానిన చోటు ఇలాగే ఉంటుంది" అంది.

"అంతే. టైరు తయారుచేసేటప్పుడే లోపలి దారాల పొరలు ఒకదాని మీద ఒకటి వేసి అతికిన చోటు అది, దోషం కాదు" అన్నాడు ఉస్తాద్.

తర్వాత ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని రెండో టైరు వెనక వైపున పెట్టాడు. వేళ్ళు సగం దూరం జరిగి ఆగిపోయాయి. ఆవిడ నవ్వు పోయింది. అదే చోట మళ్ళీ మళ్ళీ నొక్కి చూసి కళ్ళు తెరిచింది.

"ఇది ఉబ్బింది సాయిబు గారూ. కడుపు గోడ లోపల చిరిగితే పేగు పైకి తోసుకొస్తుంది. పైన చర్మం బాగానే ఉంటుంది, చేతికి మాత్రం ఇలా తగులుతుంది." కాస్త ఆగి, "ఇది పగులుతుంది కదూ?" అని అడిగింది.

"పగులుతుందమ్మా. ఘాట్ రోడ్డు మీదో, ఎక్కడో."

ధనుంజయ్ వంగి అక్కడ చెయ్యి పెట్టాడు. ఉసిరికాయంత ఉబ్బు. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. స్టెప్నీగా ఉన్నంతసేపూ అది బండి కింద ఊరికే వేలాడేది. మంచి టైరు పీకేసి, దీన్ని తెచ్చి, ఇద్దరు బిడ్డల్ని మోసే పిల్ల పడుకునే చోటు కింద తనే బిగించాడు. తన చేతులతో.

"నేను చూశానండీ" అన్నాడు. "నిన్న చాలాసేపు చూశాను."

"చూశావు. కొనేవాళ్ళు చూసే వైపు చూశావు."

ఉస్తాద్ గుంట ఉన్న చక్రాన్ని మళ్ళీ దాని చోట బిగించమన్నాడు. స్టోరు నుంచి ఇంకో టైరు తెప్పించి, తడిమి, స్టెప్నీగా వేయించాడు. ధనుంజయ్ ఎర్ర స్టిక్కరు పీకి ఉబ్బు మీద అంటించాడు.

ఎలీశమ్మ అతన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దగ్గరికి వచ్చి, తాళం కోసం చెయ్యి చాపి, "ఇప్పుడు ఎక్కొచ్చా బాబూ?" అని అడిగింది.

అతను ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, తల తిప్పలేదు.

తాళం అతని చేతిలోనే ఉంది. దాన్ని జేబులో వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో అలాగే ముందు చక్రం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, కళ్ళు మూసుకున్నాడు.