కంపెనీతో కుదిరిన సంబంధం

దేవుడు తెలివి పంచిన రోజున అందరూ చెంబులు తీసుకెళ్తే తాము గంగాళం తీసుకెళ్ళామని మండపేట సత్యవేణి, ఆవిడ మొగుడు పేర్రాజు చెప్పుకునేవారు. ఆ గంగాళం మోసింది పేర్రాజు తమ్ముడు బుల్లబ్బాయట. ముగ్గురూ కలిసి ఫోన్లో ‘తెలివైన వంటిల్లు’ అని ఛానెల్ పెట్టారు. ఒక కంపెనీవారి పెనాలూ కుక్కర్లూ చూపించి, కింద లింకు ఇచ్చేవారు. ఆ లింకు నొక్కి ఎవరు కొన్నా వీళ్ళకి కమీషన్. ‘నీకు బుర్ర లేదే’ అని చిన్నప్పట్నుంచీ వెక్కిరించిన కాకినాడ అక్క కూడా ఆ వీడియోలు చూస్తోందంటే సత్యవేణికి కడుపు నిండిపోయేది.

ఓ రోజు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. “కొత్త నిబంధనల ప్రకారం, మాతో మీకున్న సంబంధాన్ని వీడియో మొదట్లోనే పెద్దగా చెప్పాలి. లేదంటే ఛానెల్ మూతపడుతుంది.”

సత్యవేణి ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఛానెల్ పోతే అక్క ముందు తలెత్తుకోవడం ఎలా?

“సంబంధమంటున్నారు. మనింట్లో పెళ్ళి కావాల్సినోడు బుల్లబ్బాయొక్కడే కదండీ!” అంది.

“ఎంత మంచోళ్ళే! అడక్కుండానే పిల్లనిస్తన్నారు,” అన్నాడు పేర్రాజు.

అంతే! బుల్లబ్బాయికి పట్టుపంచె కట్టి, బుగ్గన చుక్క పెట్టి, పెనం పక్కన కూర్చోబెట్టారు. పెద్దగా చెప్పమన్నారు కదా, “కంపెనీతో మావోడికి సంబంధం కుదిరిందహో!” అని పేర్రాజు మైకులో అరిచాడు. ఇంకేముంది, చూసినవాళ్ళంతా ముహూర్తం ఎప్పుడని అడగడం మొదలెట్టారు.

కంపెనీ ఆఫీసరు ఫోన్ చేశాడు. “సంబంధమంటే పెళ్ళి కాదమ్మా! కమీషన్ తీసుకుంటున్నామని చెప్పండి. ఏదీ దాచకండి.”

ఏదీ దాచకూడదట! మర్నాటి వీడియోలో సత్యవేణి కమీషన్ సంగతి చెప్పి ఊరుకోలేదు. బియ్యం డబ్బాలో దాచిన గొలుసు తీసి చూపించింది. పేర్రాజు విగ్గు తీసి చూపించాడు. బుల్లబ్బాయి మాత్రం తక్కువ తిన్నాడా?

“ఈ పెనం మీద దోసె లేవదండి. ఇన్నాళ్ళూ చూపించింది పక్కింటోళ్ళ పెనమండి,” అనేశాడు.

ఆఫీసరు మళ్ళీ ఫోన్ చేశాడు. “తల్లీ, దణ్ణం పెడతాను. ఇప్పుడే మూసెయ్యండి!”

సత్యవేణి బావురుమంది. అక్క ఎంత నవ్వుతుందో!

“ఏడవకే. మూసెయ్యమన్నాడు గానీ, మళ్ళీ తెరవొద్దన్లేదు కదా!” అన్నాడు పేర్రాజు. కుక్కర్ అడుగున నీళ్ళు పోసి, ఛానెలున్న ఫోన్ని గిన్నెలో పెట్టి, లోపలికి దించి మూత బిగించాడు. బుల్లబ్బాయి పొయ్యి వెలిగించాడు.

“మళ్ళీ ఎప్పుడు తెరుద్దావండీ?” అంది సత్యవేణి.

“మూడు విజిల్స్ వచ్చాక.”

సరిగ్గా అప్పుడే, ఆ లింకు నొక్కి ఆ పెనమే కొన్న కాకినాడ అక్క వీడియో చూసి మండిపడుతూ ఫోన్ చేసింది. కుక్కర్ కుయ్ కుయ్‌మని మోగింది.

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది.

“మంట తగ్గించు మరిదీ, ఒకటొచ్చేసింది!”